ఇరవై రెండు సెకన్లు

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ వర్క్‌షాపులో మనుషులు ఇద్దరే. డెబ్బై దాటిన యజమాని ఒకరు. ఆయన్ని అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. రెండో మనిషి అక్క. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల ముందు, అదే స్టూలు మీద కూర్చుని, ముఖం తెలియని మనుషుల చిగుళ్ళ అచ్చులు ముందు పెట్టుకుని, గులాబీ రంగు మైనంలో ఒక్కో పన్నూ నిలబెడుతూ వచ్చింది. ఆమెను అక్కా అని పిలిచేవాడు లోకంలో ఒక్కడే. అయినా ఈ కథ ఆ అక్కాతమ్ముళ్ళదే కాబట్టి మనమూ అక్క అనే అనుకుందాం.

ఒక రోజు భోజనాల వేళ తమ్ముడు వర్క్‌షాపుకి వచ్చాడు. వాడు అక్కడికి రావడం అదే మొదలు. గుమ్మంలోనే నిలబడి, లోపల పరుచుకున్న ప్లాస్టర్ దుమ్ము చూసి, ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియనట్టు తటపటాయించాడు. ముఖం వెలిగిపోతోంది. చేతులు మాత్రం భుజం మీది సంచి పట్టీని మెలితిప్పుతూనే ఉన్నాయి.

"అక్కా, మన సినిమా తీసుకున్నారు!"

"మన సినిమా ఏంట్రా?"

"అదే... అమ్మ మీద తీసింది."

తమ్ముడు సామాన్ల కొట్లకీ ఆస్పత్రులకీ చిన్న చిన్న ప్రకటనలు తీసి బతుకుతాడు. అమ్మకి పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయి, మాట కూడా పోయాక, వేరే ఊళ్ళో ఉన్న పని మానుకుని వచ్చి ఏడు నెలలు అక్క ఇంట్లోనే ఉన్నాడు. ఉన్నన్నాళ్ళూ కెమెరా కింద పెట్టలేదు. అమ్మ పోయి పద్నాలుగు నెలలైంది. తీసినదాన్ని పద్దెనిమిదిన్నర నిమిషాల సినిమాగా కూర్చి, 'ఏడు నెలలు' అని పేరు పెట్టి, వెనక ఏ కంపెనీ అండా లేకుండా, దూరదేశంలో జరిగే ఒక అంతర్జాతీయ చిత్రోత్సవానికి పంపాడు. చిన్న సినిమాల పోటీకి అన్ని దేశాల నుంచీ రెండు వేల పైచిలుకు వస్తే ముప్పై ఎంచుకున్నారట. ఆ ముప్పైలో వాడిదొకటి.

మాస్టారు లేచి వచ్చి వాడి చెయ్యి పట్టుకుని ఊపేశారు. "ఇంకేం మరి! మా అమ్మాయి చేసిన పళ్ళ సెట్టు కనబడుతుందా సినిమాలో? కనబడితే కింద మా షాపు పేరు వేయించాలి, ముందే చెప్తున్నా" అని తన బోసినోరు బయటపడేలా నవ్వారు. ఊరందరికీ పళ్ళు చేసే మనిషి తనకి మాత్రం చేసుకోలేదు.

తమ్ముడు నవ్వలేదు. సంచిలోంచి ఒక కాగితం తీశాడు. సినిమాలో గుర్తుపట్టేలా కనబడే ప్రతి మనిషీ తమకు అభ్యంతరం లేదని సంతకం చెయ్యాలి, ఉత్సవం వాళ్ళ నియమం. కనబడేది ఇద్దరే. ఒకరు లేరు.

"ఇంకా పదిహేను రోజులుంది గడువు. ఇదిగో, ఇక్కడ పెట్టు చాలు."

అక్క మైనం అంటిన వేళ్ళు గుడ్డకి తుడుచుకుని పెన్ను అందుకుంది. కాగితం మీద ఆనించబోయి ఆగింది.

"నేనింకా చూడందే?"

"చూడ్డానికి ఏముందక్కా, నీకు తెలియనిదేముంది అందులో..." అని తమ్ముడు నీళ్ళు నమిలాడు. కింది పెదవి పళ్ళతో పట్టుకున్నాడు. అక్క వాడిని ఎత్తుకుని పెంచిన మనిషి. ఆ పెదవి సంగతి ఆమెకు తెలుసు.

"సాయంత్రం నీ గదికి వస్తాను. చూపించు" అని పెన్ను పక్కన పెట్టేసింది.

వాడి గది తాళాలు బాగుచేసే కొట్టు పైన. ఒక మంచం, ఒక బల్ల, బల్ల మీద పెద్ద తెర. ఉన్న ఒక్క కుర్చీలో అక్కని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, తను ఆమె వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

మొదట అమ్మ ఎడమ చెయ్యి కనబడింది. దుప్పటి అంచుని మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ. తర్వాత కిటికీ, అద్దం మీద జారుతున్న వాన, ఆ వెలుతుర్లో అమ్మ ముఖం. అమ్మ ఇంత అందంగా ఉండేదా అనుకుంది అక్క. పద్నాలుగు నెలల తర్వాత అమ్మ ఊపిరి చెవుల్లో వినబడుతుంటే హెడ్‌ఫోన్లు ఇంకా గట్టిగా అదుముకుంది. కళ్ళు తుడుచుకుంటూ చూస్తోంది. వీడు పనికిమాలినవాడు కాదు, పని తెలిసినవాడే అని లోపల కాస్త గర్వపడింది కూడా.

పదకొండో నిమిషంలో ఆమె తెర మీదకి వచ్చింది.

అది ఏ రోజో వెంటనే గుర్తొచ్చింది. పక్షవాతంతో ముఖం ఒక పక్కకి జారిపోయాక అమ్మకి పాత పళ్ళ సెట్టు పట్టలేదు. అక్క కొత్తది చేసింది. అదీ పట్టలేదు. సెలవు రోజున మాస్టారు దగ్గర తాళాలు తీసుకుని వెళ్ళి, ఒక్కతే కూర్చుని, మూడోది చేసింది. జావ తప్ప ఏమీ మింగలేక అమ్మ రోజురోజుకీ పుల్లలా అయిపోతోంది. ఈసారి పడుతుంది, నాలుగు మెతుకులు నమిలి తింటుంది అని ఎంత ఆశపడిందో. అమ్మ ఆ మూడోది పెట్టుకోనని నోరు బిగించేసింది.

తెర మీద అక్క అమ్మ దవడ పట్టుకుంది. "నోరు తెరువు. తెరువంటున్నానా! నా ప్రాణం తియ్యడానికే ఉన్నావా నువ్వు?" బొటనవేలితో పెదవి లాగి సెట్టుని లోపలికి తోసింది. అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. గొంతులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. అక్క చేతులు వదిలేసి, రెండడుగులు వెనక్కి వేసి, ఊరికే నిలబడిపోయింది.

తెర కింద అంకెలు చూసింది. అంతా కలిపి ఇరవై రెండు సెకన్లు.

ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. నడివీధిలో ఎవరో కొంగు లాగేసినట్టు అనిపించింది.

"మిగతా ఏడు నెలలూ ఏవిరా?" అంది.

తమ్ముడు ఆమె భుజం మీంచి వంగి సినిమా ఆపాడు.

"రోజుకి నాలుగుసార్లు తినిపించాను. పక్కలు మార్చాను, పుళ్ళు పడకుండా ఒళ్ళు తుడిచాను. ఒక్కసారి అరిచాను."

"ఒక్కసారి కాదక్కా" అన్నాడు మెల్లిగా.

ఆమె ముఖం ఎర్రబడింది. "సరే. నాలుగుసార్లు అరిచాను. అయితే? దేశదేశాలవాళ్ళు కూర్చుని చూడాలా అది? రాక్షసిలా ఉన్నాను అందులో."

"రాక్షసిలా కాదు, అలసిపోయిన మనిషిలా ఉన్నావు. ఆ ముక్క తీసేస్తే మిగతాదంతా అబద్ధమైపోతుంది. వాళ్ళు రాసిన ఉత్తరంలో కూడా దాని గురించే రాశారు."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"అక్కడే."

"అక్కడే అంటే?"

"కెమెరా వెనకాల."

అక్క లేచి చెప్పులు వేసుకుంది. మెట్ల దాకా వెళ్ళి ఆగింది. "నువ్వు తీసినదంతా చూపించు. మొత్తం. చూశాక చెప్తాను సంతకం పెడతానో లేదో."

"నలభై గంటలుంటుందక్కా."

"ఉండనీ."

మర్నాడు మాస్టారుని వారం రోజులు సెలవు అడిగింది. పంతొమ్మిదేళ్ళలో ఆమె అన్ని రోజులు కలిపి అడగడం రెండోసారి. మొదటిసారి అమ్మ పోయినప్పుడు. మాస్టారు కారణం అడగలేదు. "వెళ్ళమ్మాయ్. ఇన్నాళ్ళూ బోసినోటితో ఉన్నవాళ్ళు ఇంకో వారం ఉంటే ఏమీ కొంప మునిగిపోదు. నన్ను చూడు" అన్నారు.

పొద్దున్నే తమ్ముడు గదికి వెళ్ళేది. వాడు ఆమె కోసం అన్నీ తేదీల వారీగా పెట్టి తన పని మీద తను వెళ్ళిపోయేవాడు. ఆమె ఒక్కతే కూర్చుని చూసేది. ఏమీ జరగని గంటలు ఎన్నో. నిద్రపోతున్న అమ్మ. ఖాళీ కుర్చీ. తమ్ముడు తివాచీ మడత తట్టుకుని పడబోతే అమ్మ వంకర మూతితో కిసుక్కున నవ్వడం. ఆ నవ్వుని పదిసార్లు వెనక్కి తిప్పి చూసుకుంది. అమ్మ తల దువ్వుతూ తను ఏదో కూనిరాగం తీస్తోంది. తనకి ఆ అలవాటుందని తనకే తెలియదు. ఒక చోట చేతిలో చెంచా ఉండగానే కూర్చుని నిద్రపోతోంది, అమ్మ ఎడమ చేత్తో ఆ చెంచా తీసి పక్కన పెడుతోంది. ఇంకో చోట వెనక నుంచి తన వీపు చూసుకుని, ఎవరో ముసలావిడ అనుకుంది.

అరుస్తున్నవి కూడా ఉన్నాయి. లెక్కపెట్టలేదు గానీ నాలుగుకంటే ఎక్కువే.

ఆరో రోజు తేదీలన్నీ అయిపోయాయి. తెర మూల 'పక్కన పెట్టినవి' అని ఇంకో ఫోల్డరు కనబడింది. తెరిచింది. అందులో ఉన్నది ఒక్కటే.

మధ్యాహ్నం వేళ. తను పనికి వెళ్ళిన సమయం. అమ్మ కుర్చీలో ఉంది. పక్కన బల్ల మీద నీళ్ళ కప్పు, చెయ్యి చాస్తే అందీ అందనంత దూరంలో. అమ్మ ఎడమ చెయ్యి కప్పు వైపు పాకుతోంది. వేళ్ళు అంచు దాకా వెళ్ళాయి, జారాయి. కాసేపు ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. తల తిప్పి కెమెరా వైపు చూసి "బా... బా..." అంది. మాట పోయాక కూడా ఆమెకు మిగిలిన ఒకే ఒక్క పిలుపు అది. కొడుకుని పిలిచే పిలుపు. కెమెరా కదల్లేదు. అమ్మ మళ్ళీ చెయ్యి చాచింది. వెలుతురు ఆ వేళ్ళ మీద బంగారంలా పడుతోంది. మళ్ళీ "బా" అంది. చివరికి కప్పు ఒరిగి, బల్ల మీదంతా నీళ్ళు ఒలికి, అమ్మ ఒళ్ళో పడ్డాయి. అప్పుడు తమ్ముడి గొంతు వినబడింది. "ఒక్క నిమిషం అమ్మా, ఒక్క నిమిషం." ఆ తర్వాత తెర నల్లబడింది.

తమ్ముడు వచ్చేసరికి అక్క ఆ చివరి బొమ్మని అలాగే తెర మీద ఆపి కూర్చుని ఉంది. వాడు చేతిలో భోజనం పొట్లాలతో గుమ్మంలో నిలబడిపోయాడు. తర్వాత పొట్లాలు కింద పెట్టి, తనూ కింద కూలబడ్డాడు.

"ఎంతసేపో తెలుసా?" అంది అక్క.

"నాలుగు నిమిషాల పది సెకన్లు." చూడకుండానే చెప్పాడు.

"ఎందుకివ్వలేదురా?"

కింద తాళాల కొట్లో ఆకురాయి చప్పుడు వినబడుతోంది.

"వెలుతురు బాగుందక్కా" అన్నాడు చివరికి. "చాలా బాగుంది. చెయ్యి కప్పు దాకా వెళ్తుందనుకున్నా. వెళ్తే ఎంత గొప్పగా ఉంటుందో అనుకున్నా. ఇంకొంచెం చూద్దాం, ఇంకొంచెం చూద్దాం అనుకుంటూ ఉండిపోయా. ఆ తర్వాత చీర మార్చాను, నీళ్ళు తాగించాను. నన్నేమీ అనలేదు. అంటే... అనలేదు కదా, మాట లేదు కదా."

"చెరిపెయ్యలేదే?"

"ఎన్నిసార్లు అనుకున్నానో. చేతులు రాలేదు."

అక్కకి అరవాలనిపించలేదు. అరిస్తే తేలికైపోయేది. "నాది పెట్టావు. నీది పక్కన పెట్టావు" అంది. అంతే.

తమ్ముడు మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. కాసేపటికి తలెత్తి, "పోనీ రెండూ వద్దక్కా. నీది తీసేస్తా. ఇది ఎలాగూ లేదు. మిగతాది పంపుదాం. వాళ్ళు ఒప్పుకుంటే ఒప్పుకుంటారు, లేకపోతే లేదు" అన్నాడు.

ఆమె కోరుకున్నది అదే. ఆరు రోజుల కింద ఈ మాట అని ఉంటే అప్పుడే సంతకం పెట్టి వెళ్ళిపోయేది. ఇప్పుడు తెర మీది అమ్మ చేతినీ, ఒలికిన నీళ్ళనీ చూస్తూ చాలాసేపు కూర్చుంది.

"వద్దు. ఉండనీ" అంది. "నాది ఉండనీ. ఇదీ పెట్టు. అప్పుడు సంతకం చేస్తాను. జరిగినవే కదా రెండూ."

వాడు సాకులన్నీ చెప్పాడు. సినిమా పంపేశాం, మార్చనివ్వరన్నాడు. అడిగి చూడమంది. అడిగాడు. ఆఖరి కాపీ ఇంకా తీసుకోలేదు, మార్చుకోవచ్చు, కానీ ఇరవై నిమిషాలు దాటకూడదు అని రెండు రోజుల్లో జవాబొచ్చింది. ఇది కలిపితే ఇరవై రెండు దాటుతుంది. ఈ నాలుగు నిమిషాల్లోనే కొంత కోస్తానన్నాడు.

"నాది కోశావా?" అంది అక్క. వాడు మిగతా సినిమాలోంచే కొయ్యడానికి కూర్చున్నాడు.

వర్క్‌షాపు అయ్యాక సాయంత్రాలు ఆమె వాడి పక్కన ఒక స్టూలు వేసుకుని కూర్చుంది. ఏది తీసెయ్యాలన్నా వాడి ప్రాణం గిలగిల్లాడేది.

"ఆ కిటికీ, వాన ఎందుకు?" అంది అక్క.

"అది సినిమాకి గుండెకాయ అక్కా! ఆ ఒక్కదాని కోసం మూడు వానలు కాపలా కాశాను."

"అమ్మ ఆ కిటికీ దగ్గర ఎప్పుడు కూర్చుంది? చలి అని అటు వెళ్ళేదే కాదు. నువ్వే కుర్చీ జరిపావు కదూ?"

తమ్ముడు దొరికిపోయిన దొంగలా నవ్వాడు. ఆ వారంలో వాడు నవ్వడం అదొక్కసారే. కిటికీ పోయింది. దుప్పటి మడిచే చెయ్యి సగం పోయింది. ఇరవై నిమిషాలకి రెండు సెకన్లు తక్కువకి సినిమా వచ్చింది. గడువుకి ముందు రోజు అక్క సంతకం చేసింది.

ఉత్సవం వాళ్ళు ఇద్దర్నీ రమ్మన్నారు. వందమంది పట్టే చిన్న హాలు, ఎర్రటి గుడ్డ కుర్చీలు. ఆ పూట ఆరు సినిమాలు. తేనెపెట్టెలు లారీలో వేసుకుని పూల వెంట ఊళ్ళు తిరిగే భార్యాభర్తల కథ ఒకటి. ఆగిపోయిన లిఫ్టులో ముగ్గురు మనుషుల కథ ఇంకొకటి. దానికి హాలంతా గొల్లున నవ్వింది. వీళ్ళది ఐదోది.

పదకొండో నిమిషం కాదు, ఇప్పుడు తొమ్మిదో నిమిషంలోనే ఆమె తెర మీదకి వచ్చింది. అంత పెద్ద తెర మీద తన బొటనవేలు చేటంత కనబడింది. ముందు వరసలో ఒకావిడ చప్పున ఊపిరి లోపలికి లాక్కుంది. అక్కకి తల దించుకోవాలనిపించింది గానీ దించలేదు. చేతులు రెండూ ఒళ్ళో బిగించి పట్టుకుని చూసింది.

తర్వాత కప్పు వచ్చింది. అమ్మ మొదటిసారి "బా" అనగానే తమ్ముడు లేచి, మోకాళ్ళు తగులుతున్నా ఆగకుండా వరస దాటుకుని బయటికి వెళ్ళిపోయాడు. అక్క కదల్లేదు. నాలుగు నిమిషాల పది సెకన్లూ ఆ హాల్లో ఎవరూ దగ్గలేదు, కుర్చీలో సర్దుకోలేదు. వెనకెక్కడో ఒక గొంతు, అర్థం కాని భాషలో, "ఇవ్వండి" అన్నట్టుగా ఏదో గొణిగింది. కప్పు ఒలికినప్పుడు కొంతమంది కళ్ళు మూసుకున్నారు.

దీపాలు వెలిగాక సినిమాలు తీసినవాళ్ళని ఒక్కొక్కరినీ ముందుకి పిలిచారు. తమ్ముడి పేరు రెండుసార్లు పిలిచారు. వాడు లేడు. అందరూ అటూ ఇటూ చూస్తున్నారు. అక్క లేచింది. తన మాటలు వాళ్ళకి చెప్పడానికి ఉత్సవం వాళ్ళు పెట్టిన దుబాసీ పిల్ల వచ్చి చెయ్యి పట్టుకుని ముందుకి నడిపించింది. తెర మీది మనిషీ ఈ మనిషీ ఒకరేనని తెలిసి హాలు గుసగుసలాడింది.

నెరిసిన గడ్డం పెద్దాయన మైకు తీసుకున్నాడు. తన భాషలో ఏదో అడిగాడు. ఆ పిల్ల అక్క వైపు తిరిగి, కాస్త ఇబ్బందిగా, "ఆమెకి నీళ్ళు ఎందుకివ్వలేదు అంటున్నారండీ" అంది.

"ఇవ్వాల్సింది. మా తమ్ముడు ఇవ్వలేదు" అంది అక్క. "నేను అరవకూడదు. అరిచాను. దాచుకుందాం అనుకున్నాం. ఒకరిది దాచితే ఇంకొకరిది మాత్రమే కనబడుతుంది. అందుకని రెండూ పెట్టాం."

పెద్దాయన మళ్ళీ ఏదో అడిగాడు.

"మీ అమ్మగారు మిమ్మల్ని క్షమించారనుకుంటున్నారా అంటున్నారు."

అక్క ఆలోచించింది. అవునంటే ఆ హాలంతా కుదుటపడుతుందని ఆమెకు అర్థమైంది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు.

"తెలీదు. ఆవిడకి మాట లేదు కదండీ. ఉంటే ఊరుకునేది కాదు, నాలుగు చీవాట్లు పెట్టేది. అవి పడకుండానే పోయింది" అంది. ఆ పిల్ల ఆ మాటలు తన భాషలో చెప్తూ మధ్యలో ఒకసారి ఆగి కళ్ళద్దాలు సర్దుకుంది.

చప్పట్లు కొట్టారు. లిఫ్టు సినిమాకి కొట్టినంత గట్టిగా కాదు. బహుమతి తేనెపెట్టెల వాళ్ళకి వచ్చింది. అక్కకి అదే న్యాయమనిపించింది. వాళ్ళ సినిమా ఆమెకీ నచ్చింది.

తమ్ముడు బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమడిగారు?"

"నీళ్ళ గురించి అడిగారు."

"ఏం చెప్పావు?"

"జరిగింది చెప్పాను. ఈసారి నువ్వు చెప్పు. అన్నిసార్లూ నేను రాలేను, నాకు పనుంది."

వాడు తలూపాడు.

ఆ ఏడాది 'ఏడు నెలలు' ఇంకో మూడు చోట్ల ఆడింది. మొదటి చోట వాడు మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు. రెండో చోట లోపలే ఉన్నాడు గానీ, అడిగినదానికి వెలుతురు గురించీ కెమెరా గురించీ ఏదేదో చెప్పి తప్పించుకున్నాడు. మూడో చోట నుంచి ఒక మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేశాడు. ఆమె చేతిలో సగం నిలబెట్టిన పళ్ళ వరస ఉంది.

"చెప్పానక్కా. నేనే ఇవ్వలేదని చెప్పాను" అన్నాడు.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. ఒకాయన లేచి వెళ్ళిపోయాడు."

అక్క చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టుకుని, మైనం చల్లారిపోకముందే ఒక పన్ను సరిచేసింది. "అమ్మ మంచం ఇంకా ఆ గదిలోనే ఉందిరా. ఆస్పత్రి మంచం, నేనొక్కదాన్నీ కదపలేను. ఎవరికైనా పనికొస్తుంది. ఆదివారం రా, విప్పేద్దాం."

వచ్చాడు. బోల్టులన్నీ తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. ఇద్దరూ చెరో వైపు కూర్చుని నూనె పోసి, పానా పట్టి తిప్పుతూ, ఒకరినొకరు విసుక్కుంటూ, ఆ మంచం విప్పేసరికి మధ్యాహ్నం దాటింది.